హెల్త్ ప్యాచ్ రివ్యూ చేస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. మొట్టమొదటి రివ్యూకే వర్చువల్ మెషీన్లకి పర్సిస్టెంట్ మెమరీ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) హెల్త్ చెప్పే ప్యాచ్ (కోడ్‌లో మార్పు) నీ చేతికి వచ్చిందంటే చాలా సంతోషంగా ఉంది. "ఇంత చిన్న ఫంక్షన్‌లో చూడడానికి ఏముంది అక్కా?" అని అడిగావు. చాలా ఉంది. ఆ ఫంక్షన్ ఇచ్చే జవాబు నమ్మి, అవతల గెస్ట్‌లో, అంటే వర్చువల్ మెషీన్ లోపల, ఒక డేటాబేస్ తను రాసింది భద్రంగా ఉందనుకుంటుంది. డబ్బు కట్టిన మనిషికి రసీదు కూడా ఇచ్చేస్తుంది. ఆ జవాబు తప్పయితే వెంటనే ఎవరికీ తెలియదు. కరెంటు పోయి, మెషీన్ మళ్లీ లేచాక తెలుస్తుంది. అప్పటికి చేయగలిగేది ఏమీ ఉండదు.

కోడ్ తెరిచే ముందు ఆ మెమరీ ఎలా నిలుస్తుందో ఒకసారి చదువు. ఎన్‌వీడిమ్ అంటే ఇలా నిలిచే మెమరీ మాడ్యూల్. అందులో ఎన్‌వీడిమ్-ఎన్ రకంలో రోజూ పనిచేసేది మామూలు డీర్యామే, కరెంటు పోతే ఖాళీ అయ్యేదే. కరెంటు పోగానే సూపర్ కెపాసిటర్‌లో దాచుకున్న ఛార్జితో అందులో ఉన్నదంతా ఫ్లాష్‌లోకి దిగుతుంది. ఆ కెపాసిటర్ పాడైపోయిందనుకో, రాయడం, చదవడం ఎప్పటిలాగే సాఫీగా జరిగిపోతుంటాయి. పైకి ఏ తేడా కనబడదు. నిలబెట్టే శక్తి మాత్రం ఉండదు. ఈ స్థితికే 'అన్‌ఆర్మ్‌డ్' అని పేరు. ఇంటెల్ 2019లో తెచ్చిన ఆప్టేన్ మాడ్యూళ్లలో మీడియాయే (డేటా దాచుకునే పదార్థమే) స్వతహాగా నిలిచేది, అక్కడ దాని ఆయుష్షు ఎంత మిగిలిందన్నది పెద్ద ప్రశ్న. 2022లో ఇంటెల్ ఆ వ్యాపారం ఆపేసింది కానీ, వీటన్నిటి కోసం పుట్టిన ఇంటర్‌ఫేస్‌లు లైనక్స్‌లోనూ, వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయు అనే ప్రోగ్రాంలోనూ అలాగే ఉన్నాయి.

వర్చువల్ మెషీన్‌లో ఇంకో పొర కలుస్తుంది. గెస్ట్‌కి కనబడే ఎన్‌వీడిమ్ వెనక హోస్ట్‌లో (గెస్ట్ నడిచే అసలు మెషీన్‌లో) నిజమైన పర్సిస్టెంట్ మెమరీ ఉండొచ్చు, లేదా డిస్క్ మీద ఒక మామూలు ఫైల్ ఉండొచ్చు. మామూలు ఫైల్ అయితే గెస్ట్ రాసింది హోస్ట్ పేజ్ క్యాష్‌లో, అంటే డిస్క్‌కి చేరకముందు ఉండే మామూలు మెమరీలో, ఆగిపోతుంది. గెస్ట్ మాత్రం సీపీయూ క్యాష్ ఫ్లష్ చేసి, పని పూర్తయిందని ముందుకెళ్తుంది. ఆ క్షణంలో హోస్ట్ పడిపోతే ఆ రాత గల్లంతే. కాబట్టి హెల్త్ గురించి హైపర్‌వైజర్ (గెస్ట్‌ని నడిపే క్యూఈఎంయు లాంటి ప్రోగ్రాం) గెస్ట్‌కి చెప్పే మాటలో హార్డ్‌వేర్ సంగతి ఎంత ఉందో, హోస్ట్‌లో చేసిన ఏర్పాటు సంగతి కూడా అంతే ఉంది.

నీ ప్యాచ్ నేను చూడలేదు. అందరికీ తెరిచి ఉన్న కోడ్ ఒకటి తీసుకుని నేనెలా చదువుతానో చెప్తాను. ఐబీఎం పవర్ ప్రాసెసర్ల మీద నడిచే పీసిరీస్ గెస్ట్ కోసం క్యూఈఎంయులో 2021లో చేర్చిన హెచ్-ఎస్‌సీఎం-హెల్త్ హైపర్‌కాల్ అది, అంటే గెస్ట్ హైపర్‌వైజర్‌ని పిలిచే పిలుపు. గెస్ట్ ఒక ఇండెక్స్ పంపుతుంది, "ఈ మెమరీ ఎలా ఉంది?" అని అడుగుతుంది. జవాబుగా రెండు 64 బిట్ల సంఖ్యలు వస్తాయి. మొదటిది హెల్త్ బిట్‌మ్యాప్: అన్‌ఆర్మ్‌డ్‌గా ఉందా, కిందటిసారి ఆగినప్పుడు డేటా సరిగ్గా నిలవలేదా, ఆయుష్షు అడుగంటిందా, ఇలా ఒక్కో సంగతికి ఒక్కో బిట్. రెండోది మాస్క్: మొదటి సంఖ్యలో ఏ బిట్లని నమ్మొచ్చో అది చెప్తుంది.

నా కళ్లు ముందు ఆ రెండో సంఖ్య మీదికే పోతాయి. అందులో క్యూఈఎంయు పెట్టింది ఒక్కటే బిట్, అన్‌ఆర్మ్‌డ్. మిగతావన్నీ సున్నా. కొత్తగా చూసేవాళ్లకి పని సగంలో వదిలేసినట్టు అనిపిస్తుంది. నాకైతే ఆ ఫంక్షన్‌లో అన్నిటికన్నా నిజాయితీగా ఉన్న లైన్ అదే. ఒకవేళ ఎవరైనా మాస్క్‌లో అన్ని బిట్లూ ఒకటి చేసేసి, హెల్త్‌లో సున్నాలు వదిలేశారనుకో. అప్పుడు గెస్ట్‌కి అందే కబురు ఏమిటి? "కిందటిసారి డేటా చెడలేదు, మీడియా అరగలేదు, ఏ ప్రమాదమూ లేదు" అని. హైపర్‌వైజర్ వాటిలో ఒక్కటి కూడా చూసి ఉండదు. చేయని రక్తపరీక్ష ఎదురుగా 'నార్మల్' అని రాసిన ల్యాబ్ రిపోర్టుకీ దీనికీ తేడా లేదు.

ఇంకో వైపు నుంచి కూడా చూడు. హెల్త్‌లో బిట్ పెట్టి మాస్క్‌లో మర్చిపోతే? గెస్ట్‌లోని లైనక్స్ డ్రైవర్ ఆ రెండు సంఖ్యల్నీ ఆండ్ చేసి (రెండింట్లోనూ ఉన్న బిట్లే మిగిల్చి), వచ్చినదాన్నే దాచుకుంటుంది. అంటే హెచ్చరిక పంపినా అక్కడికక్కడే మాయమైపోతుంది. కంపైలర్ నోరెత్తదు, ఏ లాగ్‌లోనూ పడదు. అందుకే కొత్త బిట్ ఒకటి చేర్చే ప్యాచ్ ఎప్పుడొచ్చినా రెండు చోట్లా మార్పు ఉందో లేదో వేలు పెట్టి చూస్తాను.

తర్వాత నా ప్రశ్న: ఈ బిట్ ఎవరు చెప్తే తెలిసింది? ఇక్కడ అన్‌ఆర్మ్‌డ్ అనేది ఎన్‌వీడిమ్ డివైస్‌కి ఉన్న ఒక ప్రాపర్టీ. వర్చువల్ మెషీన్ మొదలుపెట్టేవాళ్లు కమాండ్‌లో ఆన్ అని ఇస్తే ఆన్, లేకపోతే ఆఫ్. హోస్ట్ కెపాసిటర్ దగ్గరికి వెళ్లి కనుక్కున్న కబురు కాదు. అంటే సున్నా వచ్చిందంటే అసలు అర్థం "నిలవదని మాకెవరూ చెప్పలేదు" అని. ఇది తప్పని నేననను. చేతిలో ఉన్న సమాచారం అంతే. కానీ ఆ సంగతి కమిట్ మెసేజ్‌లోనో (ప్యాచ్‌తో పాటు రాసే వివరణ), డాక్యుమెంటులోనో స్పష్టంగా ఉండాలి. లేకపోతే నువ్వు అడిగి రాయించు. ఏడాది తర్వాత ఈ కోడ్ చదివే మనిషి, హార్డ్‌వేర్‌ని చూసే చెప్తున్నారని అనుకోవడానికి ఎంతో సేపు పట్టదు.

ఇప్పుడు గెస్ట్ పంపిన ఇండెక్స్. గెస్ట్ నుంచి వచ్చింది ఏదైనా సరే, నమ్మకుండా మొదలుపెట్టు. ఆ ఫంక్షన్ మూడు తనిఖీలు చేస్తుంది: ఆ ఇండెక్స్‌కి కనెక్టర్ (డివైస్ తగిలించే చోటు) ఉందా, దానికి డివైస్ తగిలించి ఉందా, అది పర్సిస్టెంట్ మెమరీ రకమేనా. ఏ ఒక్కటి తప్పినా పారామీటర్ తప్పు అని తిప్పి పంపుతుంది. మూడూ కావాలి. హాట్ అన్‌ప్లగ్ (నడుస్తుండగానే డివైస్ తీసేయడం) అయ్యాక కనెక్టర్ మిగిలే ఉంటుంది, డివైస్ పాయింటర్ ఖాళీ అవుతుంది. రకం చూడకపోతే గెస్ట్ మామూలు మెమరీ ఇండెక్స్ పంపొచ్చు. దాన్ని ఎన్‌వీడిమ్‌గా మార్చబోయే కాస్ట్ (రకం మార్పిడి) దగ్గర అసర్షన్ (తప్పితే ప్రోగ్రాంని ఆపేసే తనిఖీ) తగిలి మొత్తం క్యూఈఎంయు ప్రాసెసే కూలొచ్చు. ఇంకోటి: ఇక్కడ ఇండెక్స్ లోపలికి వచ్చేదీ, హెల్త్ బయటికి వెళ్లేదీ ఒకే ఆర్గ్యుమెంట్ స్లాట్‌లో. ముందే చదివి పక్కన పెట్టుకోకుండా జవాబు రాసేస్తే ఇండెక్స్ చెరిగిపోతుంది. ఇలాంటివి వేగంగా చదివితే కళ్లకి ఆనవు.

బిట్ల వరుస గురించి ఒక్క మాట. పవర్ పత్రాల్లో సున్నా బిట్ అంటే అన్నిటికన్నా పెద్దది, కుడి చివరది కాదు. అన్‌ఆర్మ్‌డ్ సున్నా బిట్ కాబట్టి అది ఒకటిని 63 స్థానాలు ఎడమకి జరిపితే వచ్చేది. ఆ ఒకటి 64 బిట్ల అన్‌సైన్డ్ రకమేనా చూడు. ఉత్త ఇంటిజర్ అయితే సీ భాషలో ఆ షిఫ్ట్‌కి అర్థమే లేదు.

రివ్యూ పేజీ దగ్గరే ఆగిపోకు. అవతలి చివర ఏం జరుగుతుందో చూడు. చాలాకాలం పవర్ గెస్ట్‌లలో ఎన్‌వీడిమ్ అన్‌ఆర్మ్‌డ్ అయినా లైనక్స్ దాన్ని రీడ్-ఓన్లీ చేసేది కాదు. డివైస్ తయారుచేసేటప్పుడే హెల్త్ అడిగి, అన్‌ఆర్మ్‌డ్ అయితే ఆ సంగతి చెప్పే ఫ్లాగ్ ముందే పెట్టే మార్పు కూడా 2021లోనే కర్నెల్‌కి వెళ్లింది. చెప్పేవాళ్లు సరిగ్గా చెప్పినా వినేవాళ్లు ఆలస్యంగా వింటే ఉపయోగం ఉండదు. అందుకని ఒక గెస్ట్‌ని అన్‌ఆర్మ్‌డ్ ఆన్ చేసి బూట్ చెయ్. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (డివైస్‌ల వివరాలు లైనక్స్ ఫైళ్లుగా చూపే చోటు) ఆ డిమ్ (మెమరీ మాడ్యూల్) ఫ్లాగ్స్ ఫైల్ చదువు. 'నాట్ ఆర్మ్‌డ్' కనబడాలి, బ్లాక్ డివైస్ రాయడానికి ఒప్పుకోకూడదు. ఆఫ్ చేసి మళ్లీ చూడు. ఒక విషయం గుర్తుంచుకో, డ్రైవర్ హెల్త్ జవాబుని 60 సెకన్ల పాటు దాచుకుంటుంది. మార్పు వెంటనే కనబడలేదని ప్యాచ్‌ని తప్పుబట్టకు.

ప్యాచ్ రాసినాయన సీనియర్ అని నువ్వు టెన్షన్ పడుతున్నట్టున్నావు. అవసరం లేదు. "ఇది తప్పు" అని రాస్తే ఆయన సమర్థించుకునే పనిలో పడతారు. "మాస్క్‌లో ఈ బిట్ పెట్టారు, దీని విలువ మనకి ఎక్కడి నుంచి వస్తోందండీ?" అని అడుగు. జవాబుంటే చెప్తారు, నువ్వూ నేర్చుకుంటావు. లేకపోతే ఆయనే ఆ బిట్ తీసేసి రెండో వెర్షన్ పంపుతారు. అర్థం కాని చోట అర్థం కాలేదనే రాయి. చూడని ఫైల్ ఉంటే, అది చూడలేదని నీ కామెంట్‌లో పెట్టు. రివ్యూ చేశానని నీ పేరు పడితే మెయింటెయినర్ (ప్యాచ్‌లని చేర్చుకునే వ్యక్తి) నువ్వు అంతా చూశావనే అనుకుంటారు.

లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న గెస్ట్‌ని వేరే హోస్ట్‌కి మార్చడం) సంగతి కూడా అడిగావు. వెనక మామూలు ఫైల్ ఉన్న హోస్ట్‌కి గెస్ట్ మారితే, బూట్‌లో ఒకసారి చదువుకున్న హెల్త్ ఇంకా నిజమేనా అన్నది మంచి ప్రశ్న. ఈ ప్యాచ్‌లో దాన్ని కలపకు, విడిగా చర్చకి పెట్టు. ముందు మాస్క్ లైన్ మీద నీ ప్రశ్న పంపు, వచ్చిన జవాబు నాకూ చూపించు.

మీ అక్క