జలుబు మాత్ర వేసుకుని స్కూబా డైవింగ్‌కు దిగొచ్చా?

డాక్టర్ సలహా

ప్రశ్న: నా వయసు 31. మాది కాకినాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో. వచ్చే నెల నేను, నా భార్య అండమాన్ వెళ్తున్నాం. హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ చేయాలని కోరిక. నాకు సైనస్ సమస్య ఉంది, తరచూ జలుబు చేస్తుంది. విమానం దిగేటప్పుడు చెవులు విపరీతంగా నొప్పి పుడతాయి. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, పదో తరగతి తర్వాత మళ్లీ రాలేదు. ‘10 మీటర్లే కదా, జలుబు మాత్ర వేసుకుని దిగితే సరి’ అని స్నేహితులు అంటున్నారు. మధ్యాహ్నం 3 గంటలకు డైవింగ్ పూర్తవుతుంది. మర్నాడు ఉదయం 7 గంటలకు తిరుగు విమానం. దిగమంటారా, వద్దంటారా?
– ఓ పాఠకుడు

జవాబు: మీ స్నేహితుల మాటల్లో ‘10 మీటర్లే కదా’ అన్నదానితోనే నాకు పేచీ. మీలాంటి చెవులకు ఆ 10 మీటర్లలో మొదటి రెండు మీటర్లే అసలు పరీక్ష.

గట్టు మీద మన ఒంటిపై ఉండే గాలి పీడనం 1 అట్మాస్ఫియర్. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మరొకటి చేరుతుంది. 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 30 దగ్గర 4. పీడనం ఎంత పెరిగితే గాలి అంత కుంచించుకుపోతుందన్న బాయిల్ సూత్రం ఇంటర్‌లో చదివే ఉంటారు. ఆ లెక్కన పైనుంచి 10 మీటర్లకు దిగేసరికి గాలి పరిమాణం సగమైపోతుంది. అదే 20 నుంచి 30కి దిగితే మూడో వంతు నుంచి నాలుగో వంతుకు మాత్రమే తగ్గుతుంది. అంటే లోతు తక్కువ ఉన్నచోటే మార్పు ఎక్కువ. ఎముకలకు, కండరాలకు, రక్తానికి ఈ ఒత్తిడి పెద్ద లెక్కలోది కాదు. ఇబ్బందల్లా గాలి ఉన్న చోట్లకే: మధ్య చెవి, సైనస్‌లు, ఊపిరితిత్తులు, ముఖానికి పెట్టుకున్న మాస్కు.

కర్ణభేరి వెనక ఉన్న మధ్య చెవికి గాలి అందేది ముక్కు వెనక భాగం నుంచి వెళ్లే యూస్టేషియన్ నాళం ద్వారానే. అది మామూలుగా మూసుకుని ఉంటుంది, గుటక వేసినప్పుడో ఆవులించినప్పుడో తెరుచుకుంటుంది. జలుబుకు వాచిపోతే సరిగా తెరుచుకోదు. విమానంలో మీరు పడుతున్న బాధ చాలావరకు ఇదే. నీళ్లలో దీని తీవ్రత వేరు. దాదాపు 1.2 మీటర్ల లోతుకే చెవి లోపలికీ బయటికీ పీడనంలో తేడా, బీపీని కొలిచే లెక్కలో చెప్పాలంటే, 90 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఆ తేడా దగ్గర నాళం బిగుసుకుపోయి, ఎంత ఊదినా తెరుచుకోకపోవచ్చు. అలాగే కిందికి వెళ్తే కర్ణభేరి చిరగొచ్చు. చల్లటి నీరు లోపలికి చేరితే ఒక్కసారిగా తల తిరిగి, పైకేదో కిందేదో తెలియదు. నొప్పిని ఓర్చుకుని బలంగా ఊదేవారికి లోపలి చెవి దెబ్బతిని వినికిడి శాశ్వతంగా పోయే ప్రమాదం కూడా ఉంది.

అందుకే నొప్పి మొదలయ్యేదాకా ఆగకూడదు. పడవ మీద ఉండగానే ఒకసారి, నీళ్లలో తల మునగగానే మరోసారి, ఆపైన ప్రతి అర మీటరుకూ మాస్కు మీదుగా ముక్కు నొక్కిపట్టి మెల్లగా ఊదాలి. తల పైకి ఉంచి, తాడు పట్టుకుని దిగితే ఇది తేలిక. చెవి తెరుచుకోకపోతే కొంచెం పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే ఆ రోజుకు డైవింగ్ మానుకోవాల్సిందే, కట్టిన డబ్బు పోయినా సరే. ఇవాళే ఇంట్లో ముక్కు మూసుకుని గుటక వేసి చూడండి. రెండు చెవుల్లోనూ ‘టప్’మన్న చిన్న శబ్దం రావాలి. రాకపోతే ప్రయాణానికి ముందే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. అలర్జీకి వాడే ముక్కు స్ప్రేలు పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. వెళ్లే ముందురోజు మొదలుపెడితే లాభం లేదు.

జలుబు మాత్ర సంగతి. దిగేటప్పుడు దాని ప్రభావంతో ముక్కు తెరుచుకునే ఉంటుంది, చెవులు సర్దుకుంటాయి. అడుగున ఉండగా మందు ప్రభావం తగ్గితే ముక్కు మళ్లీ దిబ్బడ వేస్తుంది. పైకి వచ్చేటప్పుడు చెవిలో, సైనస్‌లో గాలి వ్యాకోచిస్తుంది, బయటికి దారి మాత్రం ఉండదు. దిగేటప్పుడు నొప్పి వస్తే వెనక్కి తిరగొచ్చు. పైకి వచ్చేటప్పుడు వస్తే రాక తప్పదు. పైగా కొన్ని జలుబు మాత్రలు మత్తు తెస్తాయి. జలుబున్న రోజున దిగొద్దు.

చెవి కంటే ప్రాణానికి ముఖ్యమైనది ఊపిరి. మన గోదావరి జిల్లాల్లో చెరువుల్లో, కాలువల్లో ఈత నేర్చుకున్న వారందరికీ నీళ్లలో ఊపిరి బిగబట్టడం అలవాటు. ఆ ఈతలో దానివల్ల ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం లేదు, గట్టు మీద పీల్చిన గాలే లోతుకు కుంచించుకుని పైకి వచ్చేసరికి మళ్లీ అంతే అవుతుంది. స్కూబాలో రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) మీరున్న లోతు పీడనానికి సమానంగా గాలి ఇస్తుంది. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చి, కంగారులో ఊపిరి బిగబట్టి పైకి దూసుకువస్తే ఆ గాలి రెట్టింపు అవ్వాలి. ఊపిరితిత్తులు అంత సాగవు. అవి చిరిగి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరవచ్చు. స్విమ్మింగ్ పూల్ లోతులో కూడా ఇలా జరిగే అవకాశం ఉంది. కాబట్టి ఏం జరిగినా ఊపిరి ఆడుతూనే ఉండాలి, పైకి రావడం నిమిషానికి 9 మీటర్లకు మించకూడదు.

మీ ఉబ్బసం గురించి నా ఆలోచన కూడా ఇక్కడి నుంచే. ముడుచుకున్న సన్న శ్వాసనాళాల వెనక గాలి చిక్కుకుంటే అదే ప్రమాదం. ఇన్ని ఏళ్లుగా ఇన్‌హేలర్ అవసరం పడలేదు కాబట్టి మీరు దిగే అవకాశం ఉంది. అయినా స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు చూసే ఊదుడు పరీక్ష) చేయించుకోండి. పరుగెత్తినా, చలిగాలి తగిలినా, కంగారుపడినా పిల్లికూతలు వచ్చేటట్టయితే మాత్రం డైవింగ్ వద్దు. పడవ ఎక్కే తొందరలో మీ ముందు పెట్టే ఆరోగ్య పత్రంలో అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేయకండి. మీ ఉబ్బసం, సైనస్ సంగతి శిక్షకుడికి తెలియాలి. మీ శ్రీమతి గర్భవతి అయితే, లేదా అలాంటి అవకాశం ఉన్నా, ఆమె దిగకూడదు.

ఇక విమానం. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. సాధారణంగా ఉండేది మనం పీల్చే మామూలు గాలే, అందులో 78 శాతం నైట్రోజన్. ఒత్తిడికి అది మామూలు కంటే ఎక్కువగా రక్తంలో, కణజాలంలో కరుగుతుంది, గంటల తరబడి మెల్లగా బయటపడుతుంది. విమానం లోపలి పీడనం సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తు కొండ మీద ఉన్నట్టుంటుంది. మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టవచ్చు. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాలన్నది ప్రమాణం. మీకున్నది 16 గంటలు. ఒకసారే దిగితే గడువు దాటినట్టే, ఉత్సాహం కొద్దీ రెండోసారి దిగితే చాలదు. డైవింగ్‌ను ప్రయాణం మొదటి రోజులకు మార్చుకోండి, 24 గంటలు ఉంటే నాకు నిశ్చింత.

నీళ్లలో మాట ఉండదు, సైగలే. బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని అర్థం. బాగుంటే బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చుట్టండి. చెవి నొప్పి ఉంటే అరచేతిని అటూ ఇటూ ఊపి, చెవిని చూపించండి.

పైకి వచ్చాక ఛాతీ నొప్పి, మాట తడబడటం, చేతులు కాళ్లలో తిమ్మిరి, కీళ్ల నొప్పులు కనిపిస్తే, అది మర్నాడైనా సరే, అలసట అనుకోవద్దు. వెంటనే ఆక్సిజన్ పెట్టించుకుని ఆస్పత్రికి వెళ్లండి, డైవింగ్ చేశామని మొదటి మాటగా చెప్పండి. దగ్గర్లో రీకంప్రెషన్ ఛాంబర్ (పీడనం పెంచి ఒంట్లోని బుడగలకు చికిత్స చేసే గది) ఎక్కడుందో డబ్బు కట్టే ముందే నిర్వాహకులను అడగండి. చెవి దిబ్బడగా ఉండి ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే మా దగ్గరికి రండి. వినికిడి తగ్గినా, తల తిరిగినా, రక్తం కనిపించినా అదే రోజు రండి. ఈలోగా చెవిలో నూనె కానీ, ఇంట్లో ఉన్న చుక్కల మందు కానీ వేయకండి. కర్ణభేరి చిరిగి ఉంటే అది నేరుగా మధ్య చెవిలోకి పోతుంది.