చార్మినార్ ముక్కలై ఒళ్లో పడితే

పద్మారావు నగర్,
ఆదివారం.

చి. సింధుకు మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "మామయ్యా, వెయ్యి ముక్కల చార్మినార్ జిగ్సా పజిల్ కొన్నాను, పన్నెండు రోజులైంది, ఇంకా అంచే పూర్తి కాలేదు, కంపెనీవాడు ఒక ముక్క తక్కువ వేశాడు" అని గోల పెట్టావు కదా. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నాను. కంపెనీవాణ్ని అప్పుడే తిట్టకు. ఇప్పటికి నలభై దాకా పజిళ్లు పూర్తి చేశాను. కొత్త డబ్బాలో నిజంగా ముక్క తక్కువ రావడం ఒక్కసారే చూశాను. మిగతా అన్నిసార్లూ దొంగ ఇంట్లోనే దొరికాడు.

ముందు అంచు సంగతి చూద్దాం. డబ్బా మీద వెయ్యి అని రాసినా, చాలా పజిళ్లలో అడ్డంగా 38, నిలువుగా 27 ముక్కలుంటాయి. గుణించి చూడు, 1026. ఇరవయ్యారు కొసరు! అంచు ముక్కలు మొత్తం 126. నీది అలాంటిదో కాదో నాకు తెలీదు గానీ, పై వరసలో ఎన్ని ముక్కలున్నాయో కింది వరసలోనూ అన్నే ఉండాలి. ఎడమ, కుడి కూడా అంతే. పైన 38, కింద 37 వస్తే తప్పిపోయినది కింది వరస ముక్క. అలా కాకుండా చేతిలో ఒక ముక్క మిగిలి, ఖాళీ కూడా ఒకటే ఉండి, అందులో అది కూర్చోనంటే ఏదీ పోలేదన్నమాట. ఎక్కడో రెండు ముక్కలు ఒకరింట్లో ఒకరు కాపురం పెట్టాయి. టార్చి తీసుకుని బల్లకు ఆనించి పక్కనుంచి వెలుగు వెయ్యి. సరైన జత దగ్గర సన్నని గీత కనిపిస్తుంది, దొంగ జత దగ్గర నీడ పడుతుంది. అనుమానం తీరకపోతే ఆ రెండిటినీ కలిపి ఎత్తి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకో. సందులోంచి వెలుగు వస్తే విడదీసెయ్. నిజంగానే ఒకటి తక్కువైతే ఆకాశం కుప్పలో వెతుకు. తిన్నని అంచు చూసి ఏరుతున్నామనే అనుకుంటాం గానీ, పది నిమిషాలయ్యాక చెయ్యి రంగు చూసి ఏరడం మొదలుపెడుతుంది.

ఇంతకీ నువ్వు చేసిన అసలు పొరపాటు వేరే ఉంది. ముక్కలన్నీ బల్ల మీద కుమ్మరించి, చేతికొచ్చినది తీసి, పెట్టె మూత మీది బొమ్మతో పోల్చి చూస్తున్నావు. అవునా, కాదా?

సికింద్రాబాద్ ఆర్.ఎం.ఎస్.లో, అదే రైల్వే మెయిల్ సర్వీస్‌లో, నేను ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు సార్ట్ చేశానని నీకు తెలుసు. నాకు పని నేర్పిన పెద్దాయన పిన్‌కోడ్ రాకముందు నుంచీ ఉన్నవాడు. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అందులో మొదటి అంకె చూస్తే ఏ ప్రాంతమో తెలుస్తుంది, మనకి 5. మొదటి మూడంకెలు చూస్తే సార్టింగ్ జిల్లా, హైదరాబాద్‌కి 500. చివరి మూడూ పోస్టాఫీసువి. సంచి విప్పగానే ఏ ఉత్తరం ఎవరింటికని ఎవరూ చూడరు. ముందు ప్రాంతం, తర్వాత జిల్లా, అలా గూళ్లలో పడుతూ వెళ్లాలి. పజిలూ అంతే. మొదటి రెండు రోజులు ఒక్క ముక్క కూడా అతికించకు. రంగు చూసి విడదియ్యి. తర్వాత ఒక్కో రంగులో నునుపు, గరుకు, గీతలు చూసి మళ్లీ విడదియ్యి. దీనికి ట్రేలు కొనక్కర్లేదు. పుల్లారెడ్డి మిఠాయి డబ్బాల మూతలు నాలుగైదు తెచ్చుకో. (డబ్బాలు ఖాళీ చేసే బాధ్యత మీ ఆయనకి అప్పగించు.)

రంగూ గీతలూ ఏమీ లేని ఆకాశం దగ్గరికి వచ్చేసరికి ఆకారమే దిక్కు. ఒక్కో ముక్కకు నాలుగు పక్కలు. ఒక్కో పక్క బుడిపె ఉంటుంది, లేదా గుంట ఉంటుంది. మామూలు కోతలో ఎటు తిప్పినా ఆరు రకాలే: బుడిపే లేనిది, ఒకటున్నది, ఎదురెదురుగా రెండున్నది, పక్కపక్కన రెండున్నది, మూడున్నది, నాలుగూ ఉన్నది. ఈ ఆరింటినీ ఆరు వరసల్లో పేర్చుకుంటే ఖాళీకి ఏ రకం కావాలో చూసి ఆ వరస ఒక్కటే వెతకొచ్చు. రెండొందల నీలం ముక్కలతో తల బాదుకోవడం తప్పుతుంది. విసుగే, కాదనను. ఆకాశం అతికించడం నాకిప్పటికీ ఇష్టం లేదు.

అందుకే మొదటి పజిల్‌కే చార్మినార్ కొన్నందుకు నిన్ను తిట్టాలి. అది 1591లో కట్టినప్పటి నుంచీ నాలుగు మినార్లూ ఒకేలా, నాలుగు వైపులా ఒకేలాంటి ఆర్చీలతో నిలబడి ఉంది. చూడ్డానికి అందం, ముక్కలు చేస్తే నరకం. ఎడమ మినార్‌లో పెట్టాల్సింది కుడి మినార్‌లో కూడా సరిపోతున్నట్టే ఉంటుంది. కొత్తవాళ్లు 500 ముక్కల్లో కూరగాయల సంతో, పుస్తకాల అలమరో, నిండా రంగులున్న బొమ్మ కొనుక్కోవాలి. సరే, కొన్నాక ఏం చేస్తాం! నువ్వు మినార్లను ముట్టుకోకు. కింద రోడ్డు మీద మొదలుపెట్టు. షాపుల బోర్డులు, తోపుడు బండ్లు, ఆటోలు, గాజుల దుకాణం. అన్నిటికంటే సులువు అక్షరాలు. ఒక ముక్క మీద సగం 'క' కనిపించిందంటే మిగతా సగం ఎటువైపు ఉండాలో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. సగం చెరిగిపోయిన అడ్రసులు చదివిన కళ్లు కాబట్టి నాకు ఆ పని మహా ఇష్టం. తర్వాత గడియారం, కరెంటు తీగలు, పావురాలు. ఆకాశంలో ఒక పావురం రెక్క తగిలితే లాటరీ తగిలినట్టే, దాని చుట్టూ పది ముక్కలు కూర్చుంటాయి. ఎడమ మినార్ ఏదో కుడి మినార్ ఏదో తేల్చేది రాయి కాదు, దాని వెనకున్న ఆకాశం. సాయంత్రం ఫొటో అన్నావు కాబట్టి ఒకవైపు కాస్త ఎర్రగా ఉంటుంది. అది చూసుకో.

రాత్రి పదకొండింటికి పసుపు లైటు కింద నీలాలు తేల్చకు. ఆ వెలుతురులో నీలం, బూడిద, లేత ఆకుపచ్చ అన్నీ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. రాత్రి చేసినదాంట్లో సగం పొద్దున విప్పాల్సి వస్తుంది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో (గ్లాసు బల్ల మీద కాదు, కింద) కిటికీ పక్కన అరగంట చాలు. ఎంతకీ ఒక్క ముక్క కూడా పడకపోతే ఇంకో పది నిమిషాలని కూర్చోకు, లేచిపో. అలిసేది బుర్ర కాదు, చూపు. కిందటేడు ఓడరేవు బొమ్మలో ఒక గోధుమరంగు ముక్కను పడవ చెక్క అనుకుని మూడు రోజులు ప్రతి పడవ మీదా పెట్టి చూశాను. నాలుగో రోజు మందుల షాపుకెళ్లి వచ్చి, చెప్పులు విప్పుతూ బల్లవైపు చూస్తే, అది గట్టు మీద పడుకున్న కుక్క చెవి! వెళ్లి పెట్టాను, టిక్‌మంది. ఆ టిక్ కోసమే తల్లీ ఇదంతా. దాన్ని ఇంకొకరికి వివరించడం నావల్ల కాదు, మీ అత్తయ్యకి ముప్ఫైసార్లు ప్రయత్నించాను.

రీల్స్‌లో ఎవరో గంటలో పూర్తి చేస్తున్నారని దిగులు పడ్డావు. వాళ్లు పోటీలవాళ్లు. 2019 నుంచి స్పెయిన్‌లో వాయడోలిడ్ అనే ఊళ్లో ప్రపంచ పోటీలు కూడా జరుగుతున్నాయి, 500 ముక్కలు గంటలోపే పేర్చేస్తారు. నాకు వెయ్యి ముక్కలకి మూడు వారాలు పడుతుంది. ఎక్కడికి పోవాలి అంత తొందరగా?

ఈ ఆట పుట్టింది కూడా ఆటగా కాదు. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే మ్యాపులాయన మ్యాపును చెక్కకి అతికించి, దేశాల సరిహద్దుల వెంబడి కోశాడు, పిల్లలకి భూగోళం నేర్పడానికి. బుడిపెలూ గుంటలూ తర్వాతి కాలపు సంగతి. 1930ల్లో అమెరికాలో ఉద్యోగాలు పోయి జనం ఇళ్లలో కూర్చున్నప్పుడు చవక అట్ట పజిళ్లకు గిరాకీ వచ్చింది. లైబ్రరీల్లో అద్దెకి కూడా ఇచ్చేవారట. మన చిన్నప్పుడు వీధి చివర షాపులో డిటెక్టివ్ నవలలు రోజు అద్దెకి తెచ్చుకున్నట్టే. ఆ నవలల్లో హంతకుడు దొరికే పేజీ చిరిగిపోయి ఉండేది. అద్దె పజిళ్లలో ముక్కలు ఏమయ్యేవో మరి!

ముక్కలు పోవడం గురించి నా దగ్గర పెద్ద కథే ఉంది. మూడేళ్ల కింద అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర, ఫుట్‌పాత్ మీద రబ్బరు బ్యాండు వేసిన పజిల్ డబ్బా కనిపించింది. 500 ముక్కలు, మంచులో రైలు వంతెన. బేరమాడి సగానికి సగం తగ్గించానని ఇంటికొచ్చి గొప్పలు కూడా పోయాను. పది పదిగా కుప్పలు పెట్టి లెక్క చూసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. రెండు వారాలయ్యాక ఇంజిన్ నడుంలో ఒక బొక్క, మంచులో రెండు. నేను అన్నం మానేసినంత పని చేశాను. మీ అత్తయ్య ఏమీ అనకుండా ఇంజిన్ ఖాళీ మీద పల్చటి కాగితం వేసి పెన్సిల్ అడ్డంగా రుద్దింది. అంచులు తేలాయి. పాత శుభలేఖ అట్ట రెండు పొరలు అతికించి, ఆ గీత ప్రకారం గోళ్లు తీసే కత్తెరతో కోసి, మనవడి వాటర్ కలర్లతో నలుపు పూసింది. రెండు పూటలు పట్టింది. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. తిరగేస్తే వెనక 'శ్రీర' వరకు బంగారు అక్షరాలున్నాయి. మంచులో రెండు బొక్కలూ అలాగే ఉంచాం.

పనమ్మాయి ఊడవడానికి వచ్చే ముందు రోజూ బల్ల కింద నువ్వే ఒకసారి చూసుకో. సోఫా సందులు, చీర కుచ్చెళ్లు, చెమట పట్టిన మోచెయ్యి కూడా. ఏప్రిల్‌లో ఒక ముక్క నా మోచేతికి అతుక్కుని పాలబూత్ దాకా వెళ్లొచ్చింది.

ఇంటికొచ్చిన చుట్టాలు "ఏదీ, నేనొకటి పెడతా" అని, అక్కడ పట్టని ముక్కను బొటనవేలితో గుద్దుతారు. గుద్దనివ్వకు. సరైన ముక్క గుద్దించుకోదు. పూర్తయ్యాక ఫ్రేము కట్టించాలా అన్నావు. నేను కట్టించను, వారం రోజులు చూసుకుని విప్పేసి డబ్బాలో పోస్తాను. ఒకసారి ముచ్చటపడి తెల్ల జిగురులో నీళ్లు కలిపి పూస్తే, నీళ్లెక్కువై మొత్తం అప్పడంలా వంకరపోయింది. నీకు గోడ మీద కావాలంటే జిగురు చిక్కగా, పల్చటి పూతలా వెయ్యి, కింద ప్లాస్టిక్ కాగితం పరుచుకో.

భోజనాల బల్ల మీద పెట్టుకున్నానని, రోజూ తీసి పెట్టలేక చస్తున్నానని అన్నావు కదా. మా అటక మీద పెద్ద క్యారమ్ బోర్డు ఉంది. దాని లోపలి చదరం 74 సెంటీమీటర్లు, వెయ్యి ముక్కల పజిల్ మామూలుగా 70కి 50 ఉంటుంది. సరిగ్గా పడుతుంది, పక్కన మూతలు పెట్టుకోవడానికి జానెడు చోటు కూడా మిగులుతుంది. చుట్టూ చెక్క ఉంది కాబట్టి ముక్కలు జారవు, రాత్రికి అలాగే మంచం కిందకి తోసెయ్యొచ్చు. పౌడరు తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను. నాలుగు మూలల వలల్లోకి ముక్కలు పోకుండా మీ అత్తయ్య పాత జాకెట్టు గుడ్డతో మూతలు కుడుతోంది, రెండయ్యాయి. వచ్చే ఆదివారం ఆటోలో వేసుకుని మియాపూర్ వస్తాం. అప్పటిదాకా మినార్ల జోలికి వెళ్లకు.

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

మామయ్య