ఇంగ్లీషు మందు, ఆయుర్వేదం కలిపి వాడవచ్చా? మా అమ్మ కళ్ళజోడు పెట్టెలో దొరికిన జవాబు

ప్రశ్న: "మా అమ్మకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం. ఇంగ్లీషు మందులతో పాటు ఆయుర్వేదం కూడా వాడవచ్చా? రెండూ కలిపి వాడటం మీద సరైన పరిశోధనలు ఏమైనా జరిగాయా?"

వాడవచ్చు. మా ఇంట్లో వాడుతున్నాం. కానీ ఈ ఒక్క మాట పట్టుకుని రేపు పొద్దున్నే మందుల షాపుకు వెళ్ళకండి. ఆ "వాడవచ్చు" దాకా రావడానికి మాకు ఎంత పని పట్టిందో చదివాక వెళ్ళండి.

అమ్మకు ఈ జబ్బు బయటపడి పదకొండేళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. జబ్బు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు, మీ ఇంట్లోనూ చూస్తున్నారు. తెల్లవారి పాల పాకెట్ చించలేని వేళ్ళు, మోచేత్తో కుళాయి తిప్పుకోవడం, తడిచీర పిండలేక నీళ్ళు కారుతుండగానే తీగ మీద వేసేయడం. మొదట చూపించిన ఆసుపత్రిలో మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు. వరండాలో నాలుగు గంటలు కూర్చుంటే లోపల నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లోనే అమ్మ సంచిలోంచి ఒక కషాయం సీసా తీసి, "ఇది కూడా తాగవచ్చా బాబూ?" అని అడిగింది. ఆయన సీసా వైపు చూడనైనా చూడలేదు. "ఇవన్నీ తాగేవాళ్ళు నా దగ్గరకు రావడం ఎందుకు? అక్కడికే వెళ్ళండి" అన్నారు. అమ్మ ఆ సీసాను దొంగసొత్తులా మళ్ళీ సంచిలో పెట్టుకుని పైన కొంగు కప్పుకుంది. ఆ రోజు నుంచి ఏ డాక్టరుకూ ఏదీ చెప్పలేదు. చివరికి నాకు కూడా.

ఏడాది గడిచింది. మాత్ర వేసుకున్న మర్నాడల్లా వికారం, జుట్టు రాలడం. "ఇంగ్లీషు మందు వేడి చేస్తోంది" అని అమ్మ తనంతట తానే ఒక వారం వేసుకుని ఒక వారం మానేసేది. అప్పుడే మా మామయ్య ఒక పొట్లాల కట్ట తెచ్చాడు. పక్క జిల్లాలో ఎవరో ఇస్తున్నారట, వందల మందికి తగ్గిందట. పాత న్యూస్‌పేపరు ముక్కల్లో మడిచిన పొట్లాలు అరవై, పూటకొకటి, నెలకు రెండు వేల రూపాయలు. లోపల బూడిదరంగు పొడి. నేను కూడా కొంచెం నాలుక మీద వేసుకుని చూశాను. మొదట దాల్చినచెక్క వాసన, వెనకనే గొంతు దాకా పట్టే చేదు. అందులో ఏముందని మామయ్యను అడిగితే, "అది వాళ్ళ వంశ రహస్యం, చెప్పరు" అన్నాడు. దానికి నేను తల ఊపాను. ఇప్పటికీ నాకు బాధగా ఉండేది ఆ తల ఊపడం గురించే.

నాలుగో రోజు పొద్దున నేను లేచేసరికి వాకిట్లో ముగ్గు ఉంది. పదిహేను చుక్కలు, మధ్య చుక్క ఎనిమిది వరకు. ముగ్గుపిండి సన్నగా జారాలంటే బొటనవేలు, చూపుడువేలు చెప్పిన మాట వినాలి. రెండేళ్ళుగా వినని వేళ్ళవి. అమ్మ ముగ్గు పక్కనే గొంతుక్కూర్చుని ఉంది. గొంతుక్కూర్చోవడం కూడా ఎన్నో నెలల తర్వాత అదే మొదటిసారి. నేను ఏడ్చేశాను. ఆ వారం ఆరుగురికి ఫోను చేసి ఆ పొడి గురించి చెప్పాను. వారిలో ఇద్దరు తెప్పించుకున్నారు కూడా.

మూడు నెలల్లో అమ్మ ముఖం గుండ్రంగా అయింది. చుట్టాలు "ఒళ్ళు చేశావు, రంగు తేలావు" అన్నారు. గాజులు తగిలినచోటల్లా ముంజేతి మీద నీలం మచ్చలు. ఎప్పుడూ లేని షుగర్ వచ్చింది. అమ్మ మెథోట్రెక్సేట్ పూర్తిగా మానేసింది. అదీ మాకు తెలియదు. తర్వాత ఒకరోజు పొడి అయిపోయింది, ఇచ్చేవాడి ఫోను మోగడం మానేసింది. అయిదు రోజులు తిరగకుండానే అమ్మ మంచం మీద నుంచి లేవలేని స్థితికి వచ్చింది. వాంతులు, కళ్ళు తిరగడం. ఊళ్ళో బీపీ చూసినామె, పై అంకె ఎనభై దగ్గర ఉందని చెప్పి, వెంటనే గుంటూరు తీసుకుపొమ్మంది.

అక్కడ చూసిన కీళ్ళ డాక్టరు పెద్దవయసాయన. రిపోర్టులు పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, అమ్మ చేయి తన చేతిలోకి తీసుకుని ఆ నీలం మచ్చలు చూశారు. తర్వాత ముఖం చూశారు. "పొట్లాల మందు ఏమైనా వాడుతున్నారా అమ్మా?" అన్నారు. అమ్మ లేదంది. నేను నోరు తెరవబోతే ఆయన చేయెత్తి ఆపారు. "నేను తిట్టను. తిట్టడానికి అడగడం లేదు. ఏం వాడారో తెలిస్తేనే మీకు మందు ఇవ్వగలను" అన్నారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ మెల్లగా సంచి తెరిచి కళ్ళజోడు పెట్టె తీసింది. అందులో కళ్ళజోడు లేదు. ఒక్క పొట్లం మిగిలి ఉంది. అది కూడా వేసేసుకుంటే చూపించడానికి ఏమీ ఉండదని దాచిందట. ఎవరికి చూపించడానికి? అలా అడిగేవాళ్ళు ఎవరైనా దొరికితే చూపించడానికి.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి రక్తం తీసి కార్టిసాల్ పరీక్ష చేశారు. ఒంట్లో అది దాదాపు లేదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేయవలసిన హార్మోను అది. బయటి నుంచి అదే పని చేసే స్టెరాయిడ్ మందు నెలల తరబడి పడుతుంటే, ఇక మన పని లేదనుకుని ఆ గ్రంథులు నిద్రపోతాయి. ఆ స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆగిపోతే ఒంటికి అదీ ఉండదు, ఇదీ ఉండదు. ప్రాణం మీదకు వచ్చేది అక్కడే. అంటే ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపారు. ఆ ముగ్గు వేయించింది ఏ వంశ రహస్యమూ కాదు, అచ్చమైన ఇంగ్లీషు మందు. లెక్క లేకుండా, పేరు లేకుండా, మూలికల వాసన పట్టించి అమ్మినది. అమ్మను ప్రిడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మీద పెట్టి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ పూర్తిగా మాన్పించడానికి ఎనిమిది నెలలు పట్టింది. పొడి తెప్పించుకున్న ఆ ఇద్దరి ఇళ్ళకూ నేనే స్వయంగా వెళ్ళి చెప్పివచ్చాను.

ఇంత జరిగాక కూడా నేను ఆయుర్వేదానికి వ్యతిరేకిని కాలేదు. నా కోపం పేరు లేని పొట్లం మీద. అంతకంటే ఎక్కువ కోపం కషాయం సీసా వైపు చూడని ఆ మొదటి డాక్టరు మీద. పొట్లాలు అమ్మేవాళ్ళకు గిరాకీ పెంచుతున్నది ఆ కసురుకోవడమే అని నా గట్టి నమ్మకం. తర్వాత అదే గుంటూరు వరండాలో, నా వంతు వచ్చేలోగా పక్కన కూర్చున్నవాళ్ళను అడిగాను. ఎనిమిది మందిలో అయిదుగురు ఏదో ఒకటి కలిపి వాడుతున్నారు. ఒకాయన రోజూ తిప్పతీగ కషాయం తాగుతున్నాడు. అయిదుగురిలో ఒక్కరు కూడా లోపల చెప్పలేదు. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి కేసులను ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఆయుర్వేదాన్ని చూసుకునే కేంద్ర ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. వాళ్ళ వాదన ఎటు తేలినా, కాలేయ పరీక్షలు చేయిస్తూ మెథోట్రెక్సేట్ ఇచ్చే డాక్టరుకు, తన రోగి దానితోపాటు ఏం తాగుతున్నాడో తెలియాలా వద్దా?

ఇక పరిశోధనల సంగతి. మీరు అడిగినది అదే కదా. ఉన్నాయి. కోయంబత్తూరులోని ఒక ఆయుర్వేద పరిశోధన సంస్థలో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఇచ్చిన డబ్బుతో, మన అమ్మల జబ్బు మీదే ఒక మంచి ప్రయోగం చేశారు. ఫలితాలు 2011లో వచ్చాయి. 43 మంది రోగులు, 36 వారాలు, మూడు జట్లు. ఒక జట్టుకు మెథోట్రెక్సేట్‌తో పాటు ఆయుర్వేద మందులా కనిపించే ఉత్తుత్తి మందు. రెండో జట్టుకు అసలు ఆయుర్వేదం, ఉత్తుత్తి మెథోట్రెక్సేట్. మూడో జట్టుకు రెండూ అసలువే. ఎవరికి ఏది పడుతోందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. ఆయుర్వేదాన్ని ఇలా పరీక్షించడం కుదరదు అనేవాళ్ళకు నేను ఎప్పుడూ దీన్నే చూపిస్తాను. కుదిరింది, చేసి చూపించారు.

మూడు జట్లూ ఇంచుమించు ఒకేలా మెరుగుపడ్డాయి. ఆయుర్వేదం ఒక్కటే వాడినవాళ్ళలో దుష్ప్రభావాలు కాస్త తక్కువ కనిపించాయి. ఇది చదివి మా మామయ్య "చూశావా, ఇంగ్లీషు మందుతో సమానం!" అన్నాడు. ఆగాలి. ఆయుర్వేదం ఒక్కటే పడిన జట్టులో ఉన్నది 12 మంది, మెథోట్రెక్సేట్ ఒక్కటే పడిన జట్టులో 14 మంది. ఇంత తక్కువ మందిలో తేడా నిజంగా ఉన్నా బయటపడదు. చేసినవాళ్ళే దాన్ని చిన్న తొలి ప్రయోగం అని పేరులోనే రాసుకున్నారు. రెండూ కలిపితే ఫలితం రెట్టింపు అవుతుందన్న ఆశకు కూడా అందులో ఆధారం దొరకలేదు. ఇంకో మాట: ఆ రోగులకు మందు ఇచ్చింది చదువుకున్న వైద్యులు, ప్రతి మందు పేరూ కాగితం మీద రాసుకుని. మామయ్య తెచ్చిన పొట్లానికీ దానికీ సంబంధమే లేదు.

యోగా మీదా పని జరిగింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 72 మంది రుమటాయిడ్ రోగులను తీసుకుని, మామూలు మందులు కొనసాగిస్తూనే సగం మందికి ఎనిమిది వారాలు యోగా నేర్పారు. ఆ జట్టులో జబ్బు తీవ్రతా, దిగులూ రెండూ తగ్గాయి. మందు మాన్పించి చేసిన యోగా కాదది. ఫోనులో వచ్చే వీడియోల్లో ఈ ముక్కే ఎగిరిపోతుంది. "యోగాతో కీళ్ళవాతం మాయం, మందులు చెత్తబుట్టలో వేయండి" అంటూ పది నిమిషాలు మాట్లాడేవాళ్ళకు ఆ సగం వాక్యం చెప్పడానికి నోరు రాదు.

సీసా మీద పేరు ఉంటే చాలదని కూడా చెప్పాలి. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందులను కొని పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడింది. 2004లో ప్రచురించారు. అవి ఎక్కువగా మనవైపు నుంచి వెళ్ళినవే. అందుకే మేము లోహాలతో చేసే భస్మాలు, రసౌషధాల జోలికి వెళ్ళం.

ఇప్పుడు అమ్మ ఏం వాడుతోందంటే, ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది. అలాంటి మందును పది మాత్రల షీటులో, జలుబు మాత్రల్లా ఇచ్చేస్తారు. వారంలో ఏ రోజు వేసుకోవాలో రాసుకునే చోటు ఉండదు, హెచ్చరిక చీమతలంత అక్షరాల్లో ఉంటుంది. తెలుగులో అసలే ఉండదు. మేము వంటింటి క్యాలెండరులో ఆదివారాల మీద ఎర్ర చుక్క పెట్టుకుంటాం.

దానితోపాటు ఒక ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి వైద్యురాలి దగ్గరకు వెళుతున్నాం. మొదటిరోజు అమ్మ తైలం అడిగింది. ఆవిడ ఇవ్వలేదు. "మీ జబ్బును మేము ఆమవాతం అంటాం, కీళ్ళు వాచి ఉన్నప్పుడు తైలం పట్టించకూడదు. ఇసుక వేయించి మూట కట్టి పొడి కాపడం పెట్టుకోండి" అన్నారు. తర్వాత అమ్మ మందుల పుస్తకం తీసుకుని, ఇంగ్లీషు మందుల జాబితా మొత్తం చదివి, "వీటిలో ఒక్కటి కూడా మానవద్దు" అని తన చేత్తో రాసి సంతకం పెట్టారు. తాను ఇచ్చిన కషాయం పేరు దాని కిందే రాశారు. అదే పుస్తకం గుంటూరు డాక్టరుకు చూపిస్తే, మూడు నెలలకు బదులు నెల నెలా కాలేయ పరీక్ష చేయిద్దామని ఆయన దాని కిందే రాశారు. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. ఆ అరవై పేజీల పుస్తకంలోనే మాట్లాడుకుంటున్నారు.

ఈ రెండు వైద్యాలూ పుట్టుశత్రువులని వాదించేవాళ్ళు ఎదురైతే నేను యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఎత్తుతాను. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. అమెరికా వెళ్ళకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు. ఆ మందుల మీద ఆసక్తితో వాటిని ఆధునిక పద్ధతిలో పరిశోధించాలని తపించారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది, దానికి విరుగుడుగా పనిచేసే మందులనూ తెచ్చింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. క్యాన్సరు మందుగా మొదలైన దాన్ని కీళ్ళవాతానికి అమెరికా ప్రభుత్వం అనుమతించింది 1988లో. ఆయన పోయిన నలభై ఏళ్ళకు. అమ్మ ఆదివారం వేసుకునే మాత్రా, మిగతా రోజుల్లో వేసుకునే మాత్రా రెండూ ఆ ఆయుర్వేద కళాశాల అధ్యాపకుడి దగ్గరకే వెళతాయి. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి అమ్మ "వేడి చేస్తోంది" అనడం మానేసింది. "మన భీమవరం ఆయన మందు" అంటుంది.

మీ అమ్మగారి గురించి ఒకటే అడుగుతాను. ఈ రాత్రి ఆవిడ సంచి, బీరువా, దేవుడి గది అన్నీ మెల్లగా చూడండి. పేరు లేని పొట్లమో సీసానో దొరికితే కోప్పడకండి. భయపడి ఆ పూటే మాన్పించకండి కూడా. స్టెరాయిడ్ కలిసి ఉంటే ఒక్కసారిగా మానడమే అసలు ప్రమాదం. ఆ పొట్లం, ఆవిడ వాడుతున్న మాత్రల షీట్లు అన్నీ ఒకే సంచిలో వేసుకుని, రేపే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి బల్ల మీద పెట్టండి. ఆయన కసురుకుంటే లేచి వచ్చి ఇంకో డాక్టరును వెతకండి. మాకు రెండో ఆయన దొరికారు.