కడుపు (జీర్ణాశయం) తీసేసిన తర్వాత తిండి: పలాసలో ఉన్న ఫ్రెండ్ కోసం అడిగినవారికి

మీ ఫ్రెండ్‌కి క్యాన్సర్ వల్ల విశాఖలో కడుపు మొత్తం తీసేశారు, పలాస దగ్గర ఇంటికొచ్చి రెండు వారాలైంది. రెండు ముద్దలకే చాలంటున్నాడు, హార్లిక్స్ తాగితే చెమటలు పట్టి గుండె దడదడలాడుతోంది, వాళ్లమ్మ పథ్యం పెడుతున్నారు, నేనేం చెయ్యాలి అని అడిగారు.

ముందు పథ్యం సంగతి. పప్పు తింటే కుట్లు చీము పడతాయి, గుడ్డు వేడి, చేప వద్దు అని మన పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు ఉండేది సరిగ్గా వాటిల్లోనే. చీము పట్టించేవి సూక్ష్మక్రిములు, పప్పుకి ఆ పాపం లేదు. మీరు చెబితే వాళ్లమ్మ వినకపోవచ్చు. తర్వాతి చెకప్‌కి ఆవిణ్ణి కూడా తీసుకెళ్లి డాక్టర్ నోటితోనే చెప్పించండి. నన్నడిగితే మీరు చెయ్యగల పెద్ద సాయం ఇదే.

రెండు ముద్దలకే చాలనడం మొండితనం అనుకోవద్దు. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది కడుపులోనే. ఆకలేస్తే తింటాడులే అని వదిలేస్తే పొద్దుగూకినా అడగడు. రెండు రెండున్నర గంటలకోసారి ఫోన్లో అలారం పెట్టండి. రోజుకు ఆరేడుసార్లు, ఒక్కోసారి 100 నుంచి 150 మి.లీ. పట్టే చిన్న గిన్నెడు. పెద్ద కంచంలో వడ్డిస్తే చూడగానే వెగటు పుడుతుంది. నమిలి తినడానికి ఇరవై నిమిషాలు పట్టాలి. ఎదురుగా కూర్చుని "ఇంకొక్క ముద్ద" అని బతిమాలకండి. మీరూ ఏదో తింటూ ఊరి కబుర్లు చెప్పండి.

చెమటలకు కారణం తీపి. కడుపు లేదు కాబట్టి పంచదార ద్రవం నేరుగా చిన్నపేగులోకి పడి ఒంట్లో నీటిని అక్కడికి లాగుతుంది. పది నుంచి ముప్పై నిమిషాల్లో దడ, నొప్పి, విరేచనం. రెండో రకం గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది, రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, నీరసం. అందుకే చూడ్డానికొచ్చేవాళ్లు తెచ్చే గ్లూకోజ్ పొడి, పళ్లరసం, తీపి బిస్కెట్లు గుమ్మం దగ్గరే పక్కన పెట్టేయండి. నీళ్లు తిండితో కలిపి వద్దు. అరగంట ముందో, అరగంట తర్వాతో, గుక్క గుక్కగా.

ఏం పెట్టాలి? యాభై కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు లక్ష్యం. గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో సుమారు 18. చోడి (రాగి) అంబలి బలం అంటాం, కాల్షియానికి మంచిదే. కానీ రెండు చెంచాల చోడిపిండిలో మాంసకృత్తులు రెండు గ్రాములు కూడా ఉండవు, గిన్నె మాత్రం నిండిపోతుంది. అందులో వేయించిన పెసరపప్పు పిండో, మీ పలాస జీడిపప్పు మెత్తగా నూరిందో కలపండి. ముల్లు తీసిన చేప, మెత్తటి ఇడ్లీ, పెరుగన్నం, గిలక్కొట్టి ఉడికించిన గుడ్డు సరిపడతాయి. పాలకు విరేచనాలైతే పెరుగుకి మారండి. మునక్కాడ పిప్పి, పనసతొన, బత్తాయి పొర ఇప్పుడు వద్దు, పీచు ఉండకట్టి అడ్డం పడుతుంది.

ఇక్కడొక మెలిక. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు మనిషైతే మాంసకృత్తులు పెంచేముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే లెక్క మారుతుంది. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు కొనడం అసలే కూడదు.

తిన్నాక గంటసేపు పడుకోకూడదు. రాత్రి పైత్యరసం గొంతులోకి ఎగదన్నుతుంటే మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టండి.

ఆసుపత్రిలో పేగులోకి తిండి గొట్టం పెట్టి పంపితే, తిండి ఎక్కించే ప్రతిసారీ ముందూ వెనకా గోరువెచ్చని నీళ్లు 30 మి.లీ. సిరంజితో పంపాలి. వడకట్టని జావ పోస్తే గొట్టం మూసుకుపోతుంది. గొట్టం ఊడిపోతే మళ్లీ తొయ్యకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, కొన్ని గంటల్లోనే దారి మూసుకుపోతుంది.

బి12 ఇంజెక్షన్ జీవితాంతం అవసరం, లోటు ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి చాలామంది మధ్యలో మానేస్తారు. తేదీలు మీ ఫోన్లోనే రాసుకోండి. బరువు వారానికోసారి అదే తూకం మీద చూడండి. మొదటి నెలల్లో పదో వంతు తగ్గడం మామూలే, ఆగకుండా తగ్గుతుంటే చెప్పండి. 100.4 డిగ్రీల జ్వరం, ఒక్క కాలి పిక్క వాపు, ఆయాసం, ఆగని వాంతులు, కుట్ల నుంచి కారడం... వీటిలో ఏదొచ్చినా చెకప్ తేదీదాకా ఆగకండి, డిశ్చార్జి కాగితం మీదున్న నంబర్‌కి ఫోన్ చెయ్యండి. చెకప్‌కి రైల్లో వెళ్లే రోజు తిండి వేళలు తప్పుతాయి, రెండు మూడు చిన్న డబ్బాలు సర్దుకోండి.