మీ లెక్క దేవుడితో కాదమ్మా

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక సోదరి రాశారు. వయసు 43, పుట్టిల్లు మదనపల్లె దగ్గర ఒక పల్లె. భర్తకు రెండు కిడ్నీలూ పాడై ఏడాదిన్నరగా డయాలసిస్ నడుస్తోంది. ఆయన ఉద్యోగం పోయింది, నగలు కుదువలో ఉన్నాయి, కొడుకు పదో తరగతి. "ఎవరికీ అన్యాయం చేసి ఎరగను. పెళ్ళయినప్పటి నుంచి శనివారం ఉపవాసం తప్పలేదు. ఆ స్వామి నన్నెందుకు పుట్టించాడు? ఈ బతుక్కి అర్థమేంటి? అసలు దేవుడున్నాడా?" అని అడుగుతున్నారు.

అమ్మా, ఉన్నాడో లేడో నేను చెప్పను. చెప్పినా మీకు అక్కరకు రాదు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఆ వార్డు బయట కుర్చీలో మీరు కూర్చోక తప్పదు.

అడిగినందుకు మాత్రం కుమిలిపోకండి. మంచిగా ఉంటే మంచే జరుగుతుందని చిన్నప్పటి నుంచీ విని, దాన్నే నమ్మి నడిచినవాళ్ళకు ఇలాంటి దెబ్బ తగిలితే, నేనేం పాపం చేశానో అని తమను తిట్టుకుంటారు, లేదంటే పుట్టించినవాణ్ణి తిడతారు. పైగా చూడ్డానికొచ్చిన చుట్టాలు మంచం పక్కనే నిలబడి "ఏ జన్మ కర్మో" అంటున్నారని రాశారు. అలా అనేవాళ్ళను ఆయన గదిలోకి రానివ్వకండి. పెద్దవాళ్ళైనా సరే.

డాక్టరు చెప్పారని పొద్దున్నే ఆయన తాగే నీళ్ళు ఒక స్టీలు చెంబులో కొలిచి పెడుతున్నారు. ఒక రాత్రి ఆయన ఇంకో గుక్క అడిగితే కసిరారు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, ఏడుపు వినపడకుండా కుళాయి తిప్పుకుని ఏడ్చారు. మర్నాటి నుంచి దేవుడి దగ్గర దీపం పెట్టడం మానేశారు. ఇది చదివి నాకు మీ భక్తి పోయిందనిపించలేదు. ఈ మనిషి ఒంటిచేత్తో మోస్తోంది, ఇక మోయలేకపోతోంది అనిపించింది.

ఒంటిచేత్తో ఎందుకు? అదీ మీరే రాశారు, ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నాన్న పోయాక, 2018లో, అన్న అడగ్గానే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి మీ వాటా వదులుకుంటూ సంతకం పెట్టారు. ఈ ఏడాదిన్నరలో ఆ అన్న ఒక్కసారి వచ్చి, అరగంట కూర్చుని, "దేవుడున్నాడులేమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

గోల్కొండ చెరసాలలో గోపన్న కూడా రాముణ్ణి నిలదీశాడు. చేయించిన నగలకు లెక్క చెప్పమన్నాడు. ఆయనకు లెక్క రాముడితోనే ఉంది, గుడి కట్టించింది రాముడికే కాబట్టి. మీ లెక్క ఎవరితో? మీ అన్న తను మోయాల్సినదాన్ని దేవుడి మీద పడేసి బస్సెక్కాడు. అన్నను అనలేక మీరు ఆ దేవుణ్ణే పట్టుకుని అడుగుతున్నారు.

"అన్నతో పేచీ ఎందుకు, పుట్టిల్లు ఉండాలి కదా" అన్నారు. నిజమే, పుట్టిల్లు ఉండాలి. ఇలాంటి రోజు కోసమే ఉండాలి. ఆడపిల్లకు ఆస్తిలో సమాన హక్కని ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, 2005లో అది దేశమంతటికీ వచ్చింది. మీరు వదులుకున్నది మీ సొంత వాటా. కోర్టుకెక్కమని నేననను. రిజిస్టరైన దస్తావేజు మీ అంతట మీరు రద్దు చేసుకోగలిగింది కాదు, ఇప్పుడు మీకంత ఓపికా లేదు. కానీ నోరు తెరిచి అడగాలి. తోడబుట్టినవాణ్ణి అడగడం అడుక్కోవడం కాదు. అవసరానికి కూడా అడగకుండా దాన్ని ఆత్మగౌరవం అనుకునే ఆడవాళ్ళను చాలామందిని చూశాను, నాకు వాళ్ళ మీద జాలికంటే కోపమే ఎక్కువ వస్తుంది.

అంతకన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. "నిద్రలోనే పోతే బాగుండు" అని చివర్లో రాశారు. ఆ మాట నేను తేలిగ్గా తీసుకోను. ఈరోజే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టింది, డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మనిషితో ఎదురుగా మాట్లాడాలంటే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది, మీ ఊళ్ళోనే.

తర్వాత అన్నకు. వదిన ద్వారా కబురు వద్దు, వాట్సాప్ వద్దు, మీరే ఫోన్ చేయండి. ముందు డబ్బు మాటెత్తకండి. "అన్నా, శనివారం డయాలసిస్‌కి బావ పక్కన నువ్వు కూర్చో, నేను ఇంట్లో నిద్రపోవాలి" అనండి. మదనపల్లె నుంచి మూడు గంటల ప్రయాణం. "చూద్దాంలే" అంటే ఏ శనివారమో అడగండి. వస్తే కుదువలో ఉన్న నగల సంగతి ఆ రోజే ఎదురుగా మాట్లాడండి. రానంటే, రానన్నాడని మీ అమ్మకు చెప్పండి. ఆవిడ బాధపడుతుందని ఇన్నాళ్ళూ దాచారు, ఇక దాచకండి.