చేనేత కుర్తీల లేబుల్: కోర్సు చేయాలా, నేరుగా దిగాలా?

ప్రశ్న (ఉత్తరం కుదించాం): బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మంగళగిరి, పోచంపల్లి చేనేత బట్టతో కుర్తీలు కుట్టించి సొంత పేరుతో అమ్మాలని ఉంది. పేరు, లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఆలోచించి పెట్టుకున్నాను. బట్టను సొంత రంగులో నేయించుకోవాలని కూడా ఆశ. ముందు ఫ్యాషన్ డిజైన్ కోర్సు చేయాలా, నేరుగా మొదలుపెట్టాలా? నాన్నగారు రెండు లక్షలు ఇస్తానంటున్నారు.
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: కోర్సు సంగతి ముందు తేల్చేద్దాం. హైదరాబాద్ నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ)లో డిజైన్ డిగ్రీ అంటే ప్రవేశ పరీక్ష, ఆపై నాలుగేళ్లు, లక్షల్లో ఖర్చు. వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. అది మగ్గం, నూలు, అద్దకం వైపు వెళ్లేవారి చదువు. మీరు అనుకుంటున్న పనికి ఈ రెండూ అక్కర్లేదు. బట్ట కత్తిరించడం, సైజులవారీగా ప్యాటర్న్ గీయడం తెలిసిన మంచి టైలర్ దగ్గర డిగ్రీ అయ్యాక నాలుగైదు నెలలు పని నేర్చుకోండి. మిషన్ మీద మీరే కూర్చోనక్కర్లేదు గానీ, చంక దగ్గర కుట్టు లాగుతుంటే చూడగానే పట్టుకుని విప్పించగలగాలి. అది రానంతకాలం టైలర్ ఏది ఇస్తే అదే మీ సరుకు.

పేరు, లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ గురించి మీ ఉత్తరంలో చాలా రాశారు. బట్ట గురించి మాత్రం రెండే వాక్యాలు ఉన్నాయి. నాకు కంగారు అక్కడే. ఈ వ్యాపారంలో ఎక్కువమంది చతికిలపడేది బట్ట దగ్గరే.

మొదట ఒక్క రకమే ఎంచుకోండి. మీకు మంగళగిరి కాటన్ దగ్గర, కుట్టడానికీ తేలిక. పోచంపల్లి ఇక్కత్ (నూలుకే ముందుగా డిజైన్ ప్రకారం రంగు అద్ది నేసే బట్ట)లో పక్క కుట్ల దగ్గర ముందు భాగం, వెనక భాగం డిజైన్ కలవాలి. అందుకోసం ఒక్కో కుర్తీకి బట్ట ఎక్కువ పోతుంది. చేయి తిరిగాక దాని జోలికి వెళ్లవచ్చు.

బట్ట తాను మొత్తం కొనే ముందు ఒక మీటరు ముక్క తెచ్చుకుని, కొలిచి, ఉతికి, ఆరబెట్టి మళ్లీ కొలవండి. మీటరుకు నాలుగు సెంటీమీటర్లు తగ్గిందంటే, 44 అంగుళాల పొడవు కుర్తీ మొదటి ఉతుకుకే దాదాపు రెండు అంగుళాలు పొట్టిదవుతుంది. అందుకే బట్టంతా ఉతికి ఆరేశాకే కత్తెర పట్టాలి. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు వదులుతుందో లేదో కూడా అక్కడే తెలిసిపోతుంది. ముదురు ఎరుపు, నీలం విషయంలో ఈ పరీక్ష మానకండి.

సొంత రంగులో నేయించుకోవాలన్న ఆశ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మగ్గానికి ఒకసారి పడుగు (నిలువు పోగులు) ఎక్కించారంటే పదుల మీటర్ల బట్ట దిగుతుంది. మీకోసం అయిదు మీటర్లు వేరే రంగులో నేయమంటే ఎవరూ నేయరు. చేనేత సహకార సొసైటీలోనో, నేతగాళ్లకు నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్ దగ్గరో సిద్ధంగా ఉన్న తానుల్లోంచి కొనండి. అరువు అడగకుండా డబ్బిచ్చి కొంటే రేపు మీ ఆర్డరుకు విలువ ఉంటుంది. ఇంకో సంగతి, నేలలో గుంట తీసి అమర్చే గుంట మగ్గాల్లోకి వానాకాలంలో చెమ్మ చేరి నేత మందగిస్తుంది. దసరా, దీపావళి అమ్మకాలకు కావలసిన బట్ట అంతకుముందే తెచ్చిపెట్టుకోవాలి.

టోకు బజారులో ఇక్కత్ డిజైన్ ప్రింట్ చేసిన మిల్లు బట్ట చౌకగా దొరుకుతుంది. తిప్పి చూస్తే వెనక వైపు వెలిసినట్టుంటుంది. నూలుకే రంగు అద్ది నేసిన బట్ట రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. అయితే మరమగ్గం మీద నేసిన ఇక్కత్ కూడా వస్తోంది కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు. నేసినచోట బిల్లుతో కొనండి, చేనేత అని తెలిపే ప్రభుత్వ ముద్ర ‘హ్యాండ్‌లూమ్ మార్క్’ ఉందేమో చూడండి. ట్యాగు మీద ‘చేనేత’ అని రాసేది మీరు, రేపు అడిగితే రుజువు చూపించాల్సిందీ మీరే.

ఇక ధర. మీరు కామర్స్ విద్యార్థిని కాబట్టి లెక్క వేసి చూద్దాం. మీటరు 220 రూపాయలు అనుకుంటే రెండున్నర మీటర్లకు 550. కుట్టుకూలి 250, బొత్తాలు, దారం, ట్యాగు 50, ప్యాకింగు, కొరియరు 90. మొత్తం 940. మీరు 1,100కు అమ్మితే 160 మిగులుతుందని సంతోషిస్తారు. పది కుట్టిస్తే తొమ్మిది అమ్ముడై ఒకటి ఉండిపోయిందనుకోండి. తొమ్మిదింటి మీద వచ్చింది 1,440, ఉండిపోయినదాని మీద, ప్యాకింగు, కొరియరు 90 పోను, ఇరుక్కున్నది 850. చేతిలో మిగిలేది 590. ఇందులో పన్ను లేదు, ఫొటోల ఖర్చు లేదు, మీ రెక్కల కష్టం అసలే లేదు. ఈ బట్టతో కుర్తీ 1,700 లోపు అమ్మితే వ్యాపారం నిలబడదని నా అంచనా. ఆ ధర పలకాలంటే లోపలి కుట్లు పోగులు లేవకుండా ఉండాలి, జేబు ఉండాలి, సైజు మాట తప్పకూడదు.

రెడీమేడ్ దుస్తులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల వరకు జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. మీ ధర ఆ గీత దాటించే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రాలకు అమ్మే ఉద్దేశం ఉంటే జీఎస్టీ నమోదు గురించి ముందే ఒక అకౌంటెంటును అడగండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, ఏజెంట్లకు డబ్బు కట్టకండి. పేరుకు ట్రేడ్‌మార్క్ తీసుకోవాలంటే దుస్తులది 25వ తరగతి, వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే రుసుము 4,500. మొదటి విడత సరుకు అమ్ముడయ్యాక దాని గురించి చూసుకోవచ్చు గానీ, ఆ పేరు ఇప్పటికే ఎవరిదైనా అయి ఉందేమో ఈ రోజే వెతకండి.

నాన్నగారి డబ్బులో 50 వేలకు మించి ఇప్పుడు తీసుకోకండి. నమూనాలతో కలిపి ముప్పై కుర్తీలకు, ఫొటోలకు అది సరిపోతుంది. ఒకటే మోడల్, మూడు రంగులు, నాలుగు సైజులు. అవి అమ్ముడయ్యేదాకా చిన్న ఉద్యోగం ఏదైనా చేసుకోండి, ఇంటి ఖర్చు కుర్తీల మీద పడకూడదు. ఆ తర్వాత ముఖపరిచయం లేనివాళ్లు ఎన్ని కొన్నారో, వాళ్లలో ఎందరు మళ్లీ అడిగారో కాగితం మీద రాసి నాన్నగారికి చూపించి మిగతా డబ్బు అడగండి. పిన్నులు, అత్తయ్యలు కొన్నవి ఆ లెక్కలో కలపకండి.