నవ్వినందుకు కోపం

చిరంజీవికి,

నీ కథా, దాని మీద పాఠకులు రాసిన అభిప్రాయాల కట్టా అందాయి. ముందు కథే చదివాను. అభిప్రాయాలతో మొదలుపెడితే ఆ తర్వాత కథ నా కళ్లతో చదవలేను.

హాల్లో తల్లి శవం. తమ్ముడు అమెరికా నుంచి రావడానికి రెండు రోజులు పడుతుంది. పెద్దకొడుకు ఐస్ బాక్సు అద్దె దగ్గర గీసిగీసి బేరమాడుతున్నాడు. అర్ధరాత్రి అందరూ నిద్రపోయాక లేచి వెళ్లి కరెంటు మీటరు ఎంత తిరిగిందో చూస్తాడు. అక్కడ పక్కున నవ్వాను. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఊరుకోని తల్లి అని నువ్వు మొదటి పేజీలోనే చెప్పావు కదా, అది అప్పుడు గుర్తొచ్చింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

ఇక పాఠకులు. ‘కడుపుబ్బ నవ్వాం’ అన్నవాళ్లు చాలామంది. ‘మా అమ్మ గుర్తొచ్చింది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్న ఆవిడ ఒకరు. ‘కన్నతల్లి చావు నీకు పరాచికమా’ అని రెండు పేజీలు దులిపేసిన పెద్దమనిషి ఇంకొకరు. నువ్వు ఆయన దగ్గరే కూలబడిపోయావు. ఆయన కూడా మీటరు దగ్గర నవ్వే ఉంటాడని నా అనుమానం. నవ్వురాని మనిషి పేజీ తిప్పేస్తాడు గాని, పనిగట్టుకుని రెండు పేజీలు రాయడు.

1948 జూన్ 26న న్యూయార్కర్ పత్రికలో అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్ కథ ‘ది లాటరీ’ అచ్చయింది. ఊరివాళ్లు వానల గురించీ ట్రాక్టర్ల గురించీ పన్నుల గురించీ కబుర్లాడుకుంటూ చీట్లు తీస్తారు. గుర్తున్న చీటీ ఎవరికి వస్తే వాళ్లను రాళ్లతో కొట్టి చంపుతారు. ఆ వేసవిలో ఆమెకు 300కు పైగా ఉత్తరాలు వచ్చాయి. అందులో దయగా మాట్లాడినవి 13 అనీ, అవీ ఎక్కువగా స్నేహితులవేననీ తర్వాత ఆవిడే చెప్పింది. అమ్మా నాన్నలకు కూడా కథ నచ్చలేదు. తిట్లదేముంది, వస్తాయి. ఆ లాటరీ ఏ ఊళ్లో జరుగుతుంది, మేం వచ్చి చూడవచ్చా అని అడిగినవాళ్లున్నారు చూడు, నాకు వణుకు పుట్టించింది వాళ్లు.

నా సంగతీ చెబుతాను. ఎప్పుడో పెద్దదినం భోజనాల మీద ఒక కథ రాశాను. గారెలు చల్లారిపోయాయని అల్లుడు విస్తరి ముందునుంచి లేచిపోతాడు. కొన్నాళ్లకు ఒక పోస్టుకార్డు వచ్చింది: ‘మీ కథ మా వారికి చదివి వినిపిస్తూ నవ్వాను. ఆయన నవ్వలేదు. మా నాన్నగారి దినం నాడు లేచిపోయింది ఆయనే.’ సంతకం లేదు. దానికి ఏమని జవాబు రాస్తాం? ఇప్పటికీ పెట్టెలో ఉంది.

నీ మీద నాకున్న ఫిర్యాదులు వేరు. ఆ వాచ్‌మన్ నత్తి ఎందుకు? మూడుసార్లు దానితో నవ్వించావు, మూడుసార్లూ నాకు చిరాకేసింది. రావిశాస్త్రి విశాఖలో వకీలుగా పనిచేసిన మనిషి. ‘ఆరు సారా కథలు’ తీసి చదువు. పగలబడి నవ్విస్తూనే ఉంటాడు గాని, బోనులో నిలబడ్డ బీదవాణ్ణి చూసి మనల్ని ఒక్కసారి కూడా నవ్వనివ్వడు. నవ్వంతా బోను బయట ఉన్నవాళ్ల మీదే.

రెండోది, ఆ ఆఖరి పేరా. పెద్దకొడుకు బాక్సు మీద పడి భోరుమంటాడు, ‘నీ కరెంటు నేనే దండగ చేశానమ్మా’ అంటాడు. తిట్లు వస్తాయని ముందే భయపడి రాసినట్టుంది. రష్యన్ రచయిత చెహోవ్ 1883లో ఒక హాస్యపత్రికకు రాసిన కథ ఉంది. నాటకశాలలో ఒక గుమాస్తా తుమ్మితే తుంపర్లు ముందు కూర్చున్న జనరల్ బట్టతల మీద పడతాయి. ఫరవాలేదన్నా వినకుండా వెంటపడి క్షమాపణలు చెబుతూనే ఉంటాడు. చివరికి జనరల్ ‘పో బయటికి’ అని గర్జిస్తాడు. గుమాస్తా ఇంటికి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా సోఫా మీద పడుకుని చచ్చిపోతాడు. ఆ మాట దగ్గరే కథ ఆగిపోతుంది. ఏడుపులు లేవు, శవయాత్ర లేదు. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యం దాకా నవ్వుతూనే ఉన్నాను.

కాబట్టి పుస్తకంలో వేసేటప్పుడు ఆ పేరా కొట్టెయ్యి. పెద్దమనిషి మళ్లీ రాస్తాడు, రాయనీ. ‘నా ఉద్దేశం అది కాదండీ’ అంటూ జవాబు మాత్రం ఇవ్వకు, ఆ గుమాస్తావి అయిపోతావు. అమ్మ గుర్తొచ్చిందన్న ఆవిడకు మాత్రం రెండు వాక్యాలు రాయి.

అన్నట్టు, పేజీన్నర బేరం ఆడించావు. ఆ ఐస్ బాక్సు చివరికి ఎంతకు కుదిరిందో రాయడం మరిచిపోయావు. ఎంతకు?

ఆశీస్సులతో,
మీ మాస్టారు